సరిహద్దు దాటి రావలసిన మేనమామ

మా పాపకు చెవులు కుట్టించే రోజున మా తమ్ముడు హుఫూఫ్ నుంచి రావాలి. మా ఇళ్ళలో పిల్లని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టే చెవులు కుట్టిస్తారు. వాడు రాకపోతే ఆ పని లేదు. మేముండేది దోహాలో, ఐన్ ఖాలిద్‌లో. వాడుండేది సౌదీలో, సరిహద్దు అవతల మొదట తగిలే పెద్ద ఊళ్ళో. అక్కడ ఏసీ మెకానిక్కు. మధ్యలో ఎడారి, రెండు దేశాల గేట్లు.

ఆ ఊరు నేను చూడలేదు. తెలిసిందంతా ఇద్దరి మాటల్లోంచే. తమ్ముడు చెప్పే హుఫూఫ్‌లో కంపెనీ రూములు, శుక్రవారం బజారు, డ్యూటీ అయ్యాక వంటకి వంతులు ఉంటాయి. కింద వాటాలో ఉండే మా ఓనరుగారి తల్లి చెప్పే హుఫూఫ్‌లో ఖర్జూరపు తోటలు, వాటి మధ్య ఊటనీటి కాలవలు, మట్టి గోడల పాత ఇళ్ళు ఉంటాయి. ఆ పెద్దావిడ పుట్టింది అక్కడే. తారు రోడ్డు లేని రోజుల్లో వాళ్ళ నాన్న లారీ ఎక్కించి ఇటు తీసుకొచ్చారట. "అప్పుడు రోడ్డు మాఫీ, లేనే లేదు. అంతా ఇసకే," అంటారు, తనకొచ్చిన హిందీలో అరబ్బీ కలిపేసి. దేశాలకి దేశాలకి పడక గేటు మూసేసిన ఆ కొన్నేళ్ళూ ఆవిడ తన చెల్లెలి ముఖం ఫోనులోనే చూసుకున్నారు. తెరవగానే మొదట బయల్దేరినవాళ్ళలో ఆవిడా ఉన్నారు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి చదివించారు. అట్లాసులో దేశాల మధ్య గీత మీద నా వేలు పట్టుకుని నడిపించేవారు. ఆ గీత దగ్గర మనుషులు సంచులు విప్పుకుని నిలబడతారని అప్పుడు నాకేం తెలుసు!

ఆ శుక్రవారం తమ్ముడు తెల్లారుతూనే షేర్ కారులో బయల్దేరాడు. సౌదీ గేటు దాటుతున్నానని ఫోన్ చేశాడు. ఆ తర్వాత వాడి సిమ్ పనిచేయలేదు. అది మామూలే కనక నేను దేవుడి దగ్గర దీపం పెట్టుకుని, పులిహోర కలుపుతూ ఉన్నాను. అప్పుడు ఊరి నుంచి అమ్మ వీడియో కాల్ చేసింది.

"తమ్ముడు వచ్చాడా? అరిసెలు తెస్తున్నాడు. మనూరి అబ్బాయొకడు లీవు అయిపోయి సౌదీ వెళ్తుంటే వాడి చేత పంపాను."

"ఇప్పుడెందుకమ్మా శ్రమ?"

"శ్రమేముందే. నువ్వులు కాదు, అల్లుడుగారికి ఇష్టమని గసగసాలద్దాను. అక్కడ దొరకవన్నావుగా, అందుకని కాస్త ఎక్కువే అద్దాను."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. దొరకవన్నది నిజమే. ఎందుకు దొరకవో అమ్మకి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ గసగసాలంటే వంటసామాను కాదు, నల్లమందు గింజలు. గుప్పెడు తెచ్చి జైల్లో పడ్డవాళ్ళున్నారని మావాళ్ళందరూ చెప్పుకుంటారు. అరిసెలు సౌదీ విమానాశ్రయంలో పట్టుబడకుండా ఎలా దాటాయో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడవి తమ్ముడి సంచిలో రెండో గేటు ముందున్నాయి.

అమ్మకేమీ చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. తమ్ముడికి చేస్తే స్విచాఫ్. వాట్సాప్‌లో "అరిసెలు పారేయి" అని టైపు చేస్తుంటే మావారు చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు. వాళ్ళు ఫోన్ తీసి చూస్తే? వాడికి తెలియదు. తెలియనట్టే ఉండనీ."

"తెలియదంటే ఒప్పుకుంటారా అండీ?"

అడుగుతూనే రాసిందంతా చెరిపేశాను.

పాప కోసం పెద్దావిడ ఖర్జూరాలు పట్టుకుని పైకొచ్చారు. నా ముఖం చూసి, "ఏమైంది బింతీ, బిడ్డా?" అన్నారు. చెప్పాను. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఖష్‌ఖాష్? మిఠాయి మీదా?" ధైర్యం చెబుతారనుకున్నాను. చెప్పలేదు. నా పక్కన కూర్చుని జపమాల తీశారు. నేను విష్ణుసహస్రనామం మొదలుపెట్టి, ఎక్కడున్నానో మరిచిపోయి, మళ్ళీ మొదటికొచ్చాను. చెవులు కుట్టే కంసాలి హాల్లో కూర్చుని మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. రోడ్డు మీద కారు ఆగిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి పరిగెత్తాను. వాడి ఉద్యోగం, వాడి పెళ్ళి, అమ్మ, అన్నీ ఆ డబ్బా మూత కింద ఉన్నట్టనిపించింది.

చివరికి ఒక కారులోంచి వాడు దిగాడు. చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగి సంచి లాక్కున్నాను.

"ఆగక్కా! ముందు మంచినీళ్ళివ్వు."

"డబ్బా ఏదిరా?"

"ఏ డబ్బా?"

"అరిసెలు!"

వాడు బుర్ర గోక్కున్నాడు. "అమ్మ చెప్పేసిందా? రాత్రి మూత తీశాను, అంతే. మా రూములో జగిత్యాలోళ్ళున్నారు కదా, 'గిట్ల దాస్కుంటవేంది తమ్మీ, ఇంటికాడి సరుకు అందరిది' అని మీద పడ్డారు. బావగారికని రెండు దాచాను. పొద్దున చూస్తే అవీ మాఫీ."

మెట్టు మీద కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు.

"అయ్యో, అరిసెల కోసం ఏడుస్తావేంటే! మళ్ళీ చేయిద్దాంలే!"

మావారు విషయం చెప్పారు. వాడి నవ్వు మెల్లగా పోయింది. నా పక్క మెట్టు మీదే కూర్చున్నాడు.

"అంతా విప్పారక్కా. బట్టలన్నీ తీశారు. పాపకి తెచ్చిన గౌను కూడా దులిపి చూశారు," అన్నాడు.

పేర్లయినా తెలియని ఆ జగిత్యాల అన్నలకి మనసులో దండం పెట్టుకున్నాను. ఇప్పటికీ పెట్టుకుంటాను.

లోపలికెళ్ళి పాపని వాడి ఒళ్ళో పెట్టాం. కంసాలి తీగ తీసి, ఒక్క క్షణం చూసి వెనక్కి జరిగాడు. "మేనమామ చేతులిట్లా వణుకుతుంటే నేనెలా కుట్టేదమ్మా? ముందు ఆయన్ని కుదుటపడనివ్వండి."

"యల్లా, గావా తాగు," అంటూ పెద్దావిడ వాడి చేతికి కాఫీ కప్పు అందించారు. అదీ వణికింది. పాప వాడి చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది. ముహూర్తం దాటిపోతోందని మావారు మెల్లగా గుర్తుచేశారు. రాహుకాలం చూడకుండా కూరగాయల మార్కెట్టుకి కూడా వెళ్ళనిదాన్ని నేను.

"దాటనివ్వండి," అన్నాను.