తోకలో పెట్టిన తాయెత్తు

కొన్ని గ్రాముల రాగిని నేను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. మీ అరచేతిలో పెడితే అది బరువని కూడా అనిపించదు. చిటికెన వేలిలో సగం ఉంటుంది. దాన్ని పెట్టకూడని చోట పెట్టాను. ఏమీ పెట్టలేదని చెప్పాను. జరిగినదాన్ని ఇంకొక మనిషి చేతి మీదికి నెట్టేశాను. మొన్నటిదాకా ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి. నన్ను గుర్తుపట్టేవాళ్లు ఉంటే పట్టనీండి, ఇక దాక్కోను.

ముందు నా పని గురించి చెప్పాలి. నేను థర్మాకోల్‌తో రిమోట్ విమానాలు చేస్తాను. ఫ్రిజ్‌లు వచ్చే పెట్టెల్లో ఉండే మందపాటి థర్మాకోల్‌ను వేడి తీగతో కోసి రెక్కలు చేస్తాను. తోకను కదిలించడానికి సైకిలు స్పోకులు వాడతాను. మోటారు, బ్యాటరీ, రిమోట్ మాత్రం కొనాలి. మిగిలినదంతా బ్లేడు, జిగురు, ఓపిక. ఈ పని నాకు బాగా వచ్చు. గొప్పకు చెప్పడం లేదు, వచ్చినదాన్ని రాదనడం కూడా అబద్ధమే కదా. హిందూపురంలో ఒక బడిలో శనివారాలు పిల్లలకు నేర్పుతాను. ఈ మధ్య ధర్మవరంలో కూడా పిలుస్తున్నారు. నా చేతిలో తయారైన విమానం గాలిలో ఎలా నడుచుకుంటుందో నేల మీద ఉండగానే చెప్పగలను.

అయితే నేను ఏ బడిలోనూ చదవలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. నాలుగడుగులు పరుగెత్తితే ఊపిరి అందేది కాదు. పెనుకొండలో మా ఇంటి వసారాలో కూర్చోబెట్టి అమ్మే నాకు అక్షరాలూ లెక్కలూ నేర్పింది. పాఠం అయ్యాక పుస్తకానికి దండం పెట్టించేది. ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నా సాయంత్రం దీపం పెట్టేటప్పుడు వాళ్ల పేరు తలుచుకోమనేది. నా మెడలో ఒక రాగి తాయెత్తు కట్టింది. అందులో ఏముందో నాకు తెలియదు, రెండు వైపులా లక్కతో మూసి ఉండేది. పెద్దయ్యాక నా ఊపిరి కుదుటపడింది. మందుల వల్లనా, తాయెత్తు వల్లనా? రెండింటికీ దండం పెట్టుకున్నాను.

దీపం దగ్గర తలుచుకునే పేర్లలో శాంతి పేరు ఒకటి. అది ఆమె అసలు పేరు కాదు.

శాంతిది మా వీధి చివరి ఇల్లు. నాకన్నా చిన్నది. ఆదివారం చర్చికి పోయే కుటుంబం. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివింది. విమానాల పిచ్చి మొదట ఆమెదే. బ్లేడుతో నీటుగా కోస్తానని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది, అంతే. ఆమె నేర్పిన మొదటి సంగతి బరువు గురించి. విమానానికి రెక్క కింద రెండు వైపులా పెన్నుతో రెండు చుక్కలు పెడతాం. ఆ చుక్కల కింద రెండు వేళ్లు ఆనించి ఎత్తితే విమానం త్రాసులా నిలబడాలి. ముక్కు రవ్వంత కిందికి వంగినా పరవాలేదు. తోక వంగితే మాత్రం ఎగరేయకూడదు. తోక బరువైన విమానం ఎవరి మాటా వినదు. తోక పొడుగ్గా వెనక్కి ఉంటుంది కాబట్టి అక్కడ పెట్టిన చిన్న బరువు కూడా పెద్ద బరువులా పనిచేస్తుంది. ఇది నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు.

మా ఇద్దరిలో రిమోట్ నాది, విసరడం ఆమెది. మా విమానాలకు చక్రాలుండవు. చేత్తో విసిరితేనే ఎగరాలి. నాలుగడుగులు పరుగెత్తి, చెయ్యి భుజం మీదుగా నేరుగా పోనిచ్చి, చివర్లో వేళ్లు వదిలేయాలి. శాంతి విసిరితే విమానం చేతిలోంచి దూకినట్టుండేది కాదు, మెట్టు దిగి నడిచిపోయినట్టుండేది.

హిందూపురం బడివాళ్లు పిల్లలకు విమానాలు నేర్పే మనిషి కావాలనుకున్నది ఆ రోజుల్లోనే. శాంతిని తీసుకోవాలని దాదాపు అనుకున్నారు. చదువుంది, పని తెలుసు. కరస్పాండెంటు ఒకసారి కళ్లారా చూస్తానన్నాడు. పరిగి దగ్గర వేరుశనగ పీకేసిన చేను ఒకటి చూసి, అక్కడికి రమ్మన్నాం. ముందురోజు సాయంత్రం పెనుకొండలో ఎండిపోయిన చెరువులో కొత్త విమానాన్ని ఎగరేసి చూసుకున్నాం. శాంతి వేళ్ల మీద నిలబెట్టింది. బ్యాటరీని కొంచెం ముందుకు జరిపింది. విసిరింది. నేను రిమోట్ వదిలేసినా విమానం తనంతట తాను నేరుగా పోయింది. శాంతి కళ్లు మెరిశాయి. ఆ ఉద్యోగం ఆమెకు ఎంత అవసరమో నాకు తెలుసు. వస్తే ఇంట్లో పెళ్లి మాట కొన్నాళ్లు ఆపుతారని నాకు చెప్పుకుంది.

విమానం రాత్రికి మా ఇంట్లోనే ఉంది. తెల్లవారి నేను గుడికి పోయి వచ్చాను. శాంతి కోసమే మొక్కుకున్నాను, ఇది నిజం. ఇంటికి వచ్చి విమానానికి పసుపు కుంకుమ పెట్టాను. అది ఎప్పుడూ పెట్టేదే. శాంతి కూడా విసిరేముందు రెక్క మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంది. ఒకరిది ఒకరం ఏమీ అనుకునేవాళ్లం కాదు. కానీ ఆ రోజు నాకు బొట్టు చాలదనిపించింది. అంతమంది చూస్తారు, దిష్టి తగిలితే? మా వైపు లారీలకూ ట్రాక్టర్లకూ దిష్టికి కట్టేవన్నీ వెనకాలే కడతారు. చిన్నప్పటి నుంచీ చూసిన కన్ను కదా, నా చెయ్యి తోక వైపే పోయింది. మెడలోని తాయెత్తు తీశాను. తోక కింద బ్లేడుతో గంటు పెట్టి, అందులోకి నొక్కి, పైన, విమానమంతటికీ వాడిన పసుపు టేపే అంటించాను. నన్ను కాపాడింది దీన్ని కూడా కాపాడుతుందనుకున్నాను. అప్పటికి అది ప్రేమే. తప్పు అక్కడ మొదలు కాలేదు. ఇంకో గంట తర్వాత మొదలైంది.

చేనుకు కరస్పాండెంటు, వాళ్ల ఫిజిక్స్ సారు, ఇంకొందరు టీచర్లు వచ్చారు. గాలి లేదు. శాంతి రెక్కను రబ్బరు బ్యాండ్లతో బిగించింది. బిగించి నా వైపు చూసింది.

"అక్కా, రాత్రి ఏమన్నా మార్చినావా? మల్లా వేళ్ల మీద నిలబెట్టి సూద్దామా?"

"ఏం మార్చల్యా. నిన్న చూసిందే కదా."

"టేపు గీపు ఏసినావేమో అని."

"లేదులే పాపా. వాళ్లు కాసుకోనుండారు, ఇసురు."

ఎందుకలా అన్నాను? ఈ ప్రశ్నను చాలాసార్లు తిప్పితిప్పి చూశాను. వేళ్ల మీద పెడితే తోక వంగుతుంది, శాంతి టేపు విప్పుతుంది, తాయెత్తు బయటపడుతుంది. విమానానికి తాయెత్తు కట్టిందన్న మాట అంతమందిలో వస్తుందనే సిగ్గు ఒకటి. దానికన్నా లోపల ఇంకొకటి ఉంది. తన ప్రార్థన చాలదని నేను నాది కలిపానని శాంతి అనుకుంటుందేమో. చెప్పకుండా చేసినందుకే చెప్పలేకపోయాను. చెప్పి చేసి ఉంటే దాంట్లో దాచేదేముంది?

శాంతి నా మాట నమ్మింది. రెక్క మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. పరుగెత్తింది. విసిరింది. చెయ్యి నేరుగానే పోయింది, నేను చూశాను. విమానం మాత్రం రెండు బారలు పోగానే ముక్కు ఎత్తింది. ముక్కు దింపడానికి రిమోట్ స్టిక్‌ను పూర్తిగా ముందుకు నెట్టాను. వినలేదు. ఇంకా ఎత్తింది. ఆకాశం వైపు నిటారుగా లేచి, అక్కడ ఒక్క క్షణం ఆగి, ఒక రెక్క మీదికి ఒరిగి తలకిందులుగా నేలకు వచ్చింది. అది ఆగిన ఆ క్షణంలోనే నాకు అంతా తెలిసిపోయింది.

"విసరడంలోనే ముక్కు లేచిపోయిందమ్మా," అన్నాడు ఫిజిక్స్ సారు. ఆయన మంచివాడే. చూసినదాన్ని బట్టి అన్నాడు.

అందరికన్నా ముందు నేనే విరిగిన విమానం దగ్గరికి నడిచాను. వంగి తోక ముక్క తీశాను. తాయెత్తు నా గుప్పిట్లోకి వచ్చింది. శాంతి నా వెనకాలే వచ్చి నిలబడింది. విమానం వైపు చూడలేదు. తన కుడిచేతిని చూసుకుంటోంది.

"నా చెయ్యి పైకి లేసిందా అక్కా?"

గుప్పిట విప్పితే సరిపోయేది.

"కొంచెం లేసింది లే," అన్నాను. "పోనీలే."

ఎంత మెల్లగా అన్నానో, ఎంత ప్రేమగా అన్నానో మీరు వినుంటే మెచ్చుకునేవాళ్లు.

తర్వాత జరిగింది తొందరగా చెప్పేస్తాను. బడివాళ్లు ఇంకోసారి చూస్తామన్నారు. నేను విమానం బాగుచేశాను. శాంతి రానంది. "మల్లా నా చేతి మీద పోతే ఎట్లక్కా, ఆ పని నీకన్నా వస్తాది, నువ్వు పో," అంది. నేనే పోయాను. ఎడమచేత్తో రిమోట్ పట్టుకుని కుడిచేత్తో నేనే విసిరాను. బ్రహ్మాండంగా ఎగిరింది. ఎగరదా మరి, తోకలో ఏమీ లేదు కదా. ఆ పని నాకిచ్చారు. దేవుడిచ్చాడని తీసుకున్నాను. కొబ్బరికాయ కూడా కొట్టాను. శాంతికి ఆ యేడే పెళ్లయింది. ఇప్పుడు ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ క్యాంటీనులో పనిచేస్తోంది.

ఇన్నేళ్లూ సాయంత్రం దీపం దగ్గర ఆమె పేరు తప్పకుండా తలుచుకున్నాను. ఆమె వల్ల నాకు ఈ విద్య వచ్చింది, తల్లీ నీకు కృతజ్ఞురాలిని, అని. ఎంత హాయిగా ఉండేదో. ఆమె చేసిన మేలును తలుచుకుంటూ ఉంటే నేను చేసిన కీడు తలుచుకోనక్కర్లేదని నాకు నేనే నేర్పుకున్నాను. కృతజ్ఞత మంచి గుణమే. నేను దాన్ని గిన్నె మీద మూతలా వాడాను. పిల్లలకు మాత్రం గట్టిగా చెబుతాను: టేపు ముక్క అంటించినా సరే, మళ్లీ వేళ్ల మీద నిలబెట్టనిదే ఎగరేయొద్దు. మేడమ్ చాలా స్ట్రిక్టు అంటారు.

పోయిన నెల ధర్మవరం బస్టాండులో శాంతి కనిపించింది. పక్కన వాళ్ల ఆడబిడ్డ. నేను విమానాలు నేర్పడానికి వచ్చానని తెలిసి ఆ అమ్మాయి, "మా వదిన గూడా చేసేదంట కదా," అంది.

శాంతి నవ్వింది. "చేసేది కాదు, నేలకేసి కొట్టేది. నా చెయ్యి అట్లాటిది పాపా. ఇంట్లో దోసె తిప్పల్లన్నా మీ అన్ననే పిలుస్తా."

ఆడబిడ్డ కూడా నవ్వింది. అది వాళ్లింట్లో పాతబడిన నవ్వులాటని నాకు అర్థమైంది. నేను ఆ రోజు అన్న రెండు ముక్కల మాట ఆమె ఒంట్లో ఒక అవయవంలా పెరిగిపోయింది. ఉద్యోగం పోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. పోయింది ఉద్యోగం ఒక్కటే కాదు. తన చెయ్యి మంచిదన్న నమ్మకమే పోయింది. అది తీసుకున్నది నేను. నా దగ్గర పెట్టుకుని బతుకుతున్నది నేను.

మొన్న ఆదివారం ఎర్రమంచి పోయాను. ఇంటి ముందు కూర్చుని డ్యూటీ చొక్కాకు గుండీ కుడుతోంది. కూర్చోమంది. కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. ఆగితే ఆగిపోతానని భయం. ఆమె సూది ఆపి వింది.

"బరువెంత ఉండాదక్కా అది?"

చెప్పాను.

"తోక కొసలోనా?"

"కొసలోనే."

కాసేపు ఆమె పెదవులు కదిలాయి, మనసులో లెక్క కట్టుకుంటోంది. లెక్క తేలింది. అది ఆమె ముఖంలో కనిపించింది.

"నన్ను అడిగింటే ముక్కు కాడ పెట్టుకో అనింటి కదా," అంది. "నేను వద్దంటానా? బ్యాటరీ రవ్వంత ఎనక్కి జరిపింటే సరిపాయ."

క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే అది కూడా ఆమె దగ్గర ఇంకొకటి తీసుకోవడమే అయ్యేది.

"ఇంగ పో అక్కా," అంది. కోపంగా అనలేదు. "మల్లా రావద్దని చెప్పను. రమ్మనీ చెప్పను."

వచ్చేశాను. హైవే మీద బస్సు కోసం నిలబడినప్పుడు నాకు ఆకలి వేసింది. అంత తేలికగా ఉంది లోపల. తేలికపడే హక్కు నాకుందా అని ఆలోచించాను, లేదనే తోచింది, అయినా తేలికగానే ఉంది. దానికి మాత్రం ఎవరికీ దండం పెట్టలేదు.

ఇక ఆ చేనులో నిలబడి చూసినవాళ్లు మిగిలారు. వాళ్లకు ఇంటింటికీ పోయి చెప్పలేను. అందుకే ఇది రాశాను. ఆ పొద్దు ఆమె నేరుగా విసిరింది. చెయ్యి లేవలేదు. లేచిందని చెప్పినదాన్ని నేను.