కంది సిమ్ము, పెసర సిమ్ము, మినుము సిమ్ము

ఆ రోజుల్లో జనగామ బజారులో సిమ్ కార్డులు అమ్మేవాళ్ళు పదిమందికి తక్కువ లేరు. అమ్మనని మొహం మీదే చెప్పేది మాత్రం పుష్పలత ఒక్కతే. "మీ ఊళ్ళె గిది సిగ్నల్ పట్టది, తీస్కపోకు" అని గుమ్మంలోకి వచ్చిన గిరాకీని వెనక్కి పంపేది. భర్త కైలాసానికి పప్పుల హోల్‌సేల్ దుకాణం ఉంది. అందులో ఒక మూలన బల్ల వేసి భార్యకు రీచార్జీల పని అప్పగించింది ఆయనే. అలా అప్పగించినందుకు రోజుకోసారి నెత్తి కొట్టుకునేవాడు.

నిజానికి తప్పు ఆయనదే. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆమె ఆ దుకాణంలో చూసిందేమిటి? కందిపప్పు బస్తా కొనేవాడి చేతిలో ముందు గుప్పెడు మచ్చు పోస్తారు. నాలుగు గింజలు నమిలి చూసి, నచ్చితేనే బేరం. పప్పుకున్న పద్ధతి సిమ్ముకెందుకు ఉండకూడదని పుష్పలత వాదన. మూడు కంపెనీల సిమ్ములు వేసి మూడు పాత ఫోన్లు బల్ల కింద పెట్టుకుంది. ఎవరొచ్చి కొత్త సిమ్ము అడిగినా ఆ మూడూ సంచిలో వేసి ఇంటికి పంపేది.

"వాకిట్ల పెట్టి చూడు, వంటింట్ల చూడు, బాయికాడ చూడు. ఏది పడితే గదే తీస్కో."

కంపెనీల ఏజెంట్లకు తెలియకుండా వాటికి దుకాణంలోని పేర్లే పెట్టింది. కంది, పెసర, మినుము. ఏడాది తిరిగేసరికి బచ్చన్నపేట నుంచి వచ్చిన రైతులు కూడా "అమ్మా, మా ఇంటికాడ పెసరనే మంచిగున్నది" అనసాగారు. కొత్తగా వచ్చిన వాళ్ళకు ఇది సిమ్ముల దుకాణమో పప్పుల దుకాణమో అర్థమయ్యేది కాదు.

అంతలో త్రీజీ వచ్చింది. ఇక ఫోనులోనే ఇంటర్నెట్ పరుగులు పెడుతుందని మూడు కంపెనీల వాళ్ళూ గోడల నిండా రాతలు రాశారు. పుష్పలత ఆ రాతల్ని నమ్మలేదు గాని, ఫోను మీది సిగ్నల్ గీతల్ని నమ్మింది. అన్నింటికంటే కందికి గీతలు నిండుగా ఉన్నాయని నలభై మందికి కందే ఇచ్చింది. వారం తిరక్కుండానే వాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. "గీతలు నిండ ఉన్నయమ్మా, ఒక్కటి తెరుసుకుంటలేదు."

మరొకరైతే కంపెనీని తిట్టి చేతులు దులుపుకునేవారు. పుష్పలత తప్పు తనదేనని ఒప్పుకుంది. పుట్టిల్లు మహబూబాబాద్‌కు రైల్లో పోయినా, ఆడబిడ్డ ఇంటికి భూపాలపల్లి బస్సెక్కినా మూడు ఫోన్లూ ఒళ్ళోనే. ప్రతి స్టేజీ దగ్గరా ఒకే పేజీ మూడింటిలోనూ నొక్కి, పప్పు కొలిచేవాళ్ళలా ఒకటికి బదులు లాభమంటూ "లాభం, రెండు, మూడు" అని పెదాలు కదిలిస్తూ ఏది ఎన్నో లెక్కకు తెరుచుకుంటుందో పుస్తకంలో రాసుకునేది. పక్క సీటు వాళ్ళు జపం చేసుకుంటోందనుకొని జరిగి కూర్చునేవారు. చిట్యాలలో రెండే గీతలున్న మినుము నాలుగో లెక్కకే తెరుచుకుంది. భూపాలపల్లిలో నిండు గీతల కంది, బొగ్గు గనుల షిఫ్టు వదిలేవేళ నలభై దాటినా కదల్లేదు. కార్మికులంతా ఒక్కసారే ఫోన్లు తీస్తారు మరి. గీతలు ఎన్నున్నా, జనం ఎక్కువైతే దారి ఇరుకవుతుందని ఆ రోజు ఆమెకు తెలిసింది. కంపెనీల ఇంజనీర్లకు ఇది ముందే తెలిసి ఉంటుంది. మనకు చెప్పినవాళ్ళు లేరు. చెప్పింది ఇంటర్ తప్పిన పుష్పలత. ఆ నలభై మంది సిమ్ములూ ఒక్కొక్కటిగా మార్చి ఇచ్చింది.

లింగాల ఘనపూర్ దగ్గరి తండా నుంచి జైసింగ్ అనే రైతు వచ్చినప్పుడు మినుము ఇచ్చింది. అతని బిడ్డ జమున ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. తండాలో ఇంజనీరింగు దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే.

రెండువేల పదకొండు, సకల జనుల సమ్మె. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. భూపాలపల్లిలో బొగ్గు పైకి రాక కరెంటు గంటల తరబడి పోతోంది. జమున కాలేజీలు ఎంచుకోవడానికి చివరి విడత గడువు ఆ రోజు సాయంత్రం అయిదింటికి. అది ఇంటర్నెట్‌లోనే చేయాలి, దాటితే ఆ ఏడాది సీటు లేనట్టే. మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు మోటారుసైకిలు మీద జనగామ వచ్చేసరికి నెట్ సెంటర్లన్నీ చీకట్లో ఉన్నాయి. జైసింగ్ తిన్నగా పుష్పలత దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఏడ పట్టుతదో నీకే ఎరుక. నా బిడ్డ ఆగమైతది."

కరెంటు లేక పెసర టవరు పడుకుంది. మినుము జనగామలో మొదట్నుంచీ అంతంతమాత్రమే. ఊరి ఫోన్లన్నీ కంది మీద పడ్డాయి. పుష్పలత అరవై దాకా లెక్కపెట్టినా పేజీ సగమే వచ్చింది. పుస్తకం తిరగేసింది. ఘనపూర్‌లో మినుము టవరుకు జనరేటరు ఉంది, పేజీ ఆరో లెక్కకే తెరుచుకుంటుంది. నెట్ సెంటర్ తిరుపతిని అడిగి లాప్‌టాప్, దానికి నెట్ కోసం తగిలించే మినుము డాంగిల్ సంచిలో వేసుకుంది. కైలాసం స్కూటరు తీశాడు. తండ్రీకూతుళ్ళు మోటారుసైకిలు మీద వెనకే వచ్చారు.

ఘనపూర్ చేరేసరికి రోడ్డు నిండా జనం. ఆ రోజు అక్కడ సమ్మెవాళ్ళ వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వందలమంది వండుకు తింటున్నారు. సగం మంది చేతుల్లో ఫోన్లు, ఒకరికొకరు ఫోటోలు పంపుకుంటున్నారు. పుస్తకంలోని ఆరో లెక్క ఖాళీ రోజుది. సమ్మె శిబిరం టెంటు కింద లాప్‌టాప్ తెరిచి వంద దాకా లెక్కించింది. తెర తెల్లగానే ఉంది. టైము నాలుగున్నర దాటింది.

పుష్పలత లేచి, శిబిరం పెద్ద భద్రయ్య చేతిలోంచి మైకు అందుకుంది. బల్ల అవతలి మనిషితో తప్ప నలుగురిలో మాట్లాడి ఎరగదు.

"అన్నలారా, అక్కలారా, మినుము సిమ్ము ఉన్నోళ్ళు పావుగంట ఫోన్లు బంద్ పెట్టుండ్రి! ఒక ఆడిపిల్ల సదువు ఆగిపోతది!"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మినుము సిమ్మేమిటో ఆమె గిరాకీలకు తప్ప ఎవరికీ తెలియదు. భద్రయ్య మైకు లాక్కున్నాడు. "ఏ సిమ్మన్న గానీ! అందరివీ పావుగంట బంద్!"

బంద్ అన్న మాట చాలు ఆ జనానికి. గరిటెలు పట్టుకున్న ఆడవాళ్ళు కూడా కొంగున కట్టిన ఫోన్లు తీసి ఆపేశారు. పుష్పలత లెక్క మొదలుపెట్టింది. తొమ్మిదో లెక్కకు పేజీ తెరుచుకుంది! జమున వేళ్ళు చకచకా కదిలాయి. ఒక్కో కాలేజీ పేరు ఎక్కించింది. చివరికి తెర మీద ఒక గడి మిగిలింది. తండ్రి ఫోనుకు మెసేజీలో వచ్చే నంబరు అందులో కొడితేనే అన్నీ ఖాయమవుతాయి.

తండ్రి లేడు.

"బాపూ!" అని జమున రోడ్డంతా పరుగెత్తింది. పుష్పలత, కైలాసం తలో దిక్కుకు వెళ్ళారు. బడి గోడ దాటాక పత్తి చేను గట్టు మీద జైసింగ్ కనిపించాడు. ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో దాని బ్యాటరీ. ఆపేస్తే చాలదేమోనని బ్యాటరీ ఊడదీసి, తన ఫోను నీడ కూడా బిడ్డ పేజీ మీద పడకూడదని అంత దూరం వచ్చి కూర్చున్నాడు.

"గిట్ల జేస్తివేంది జైసింగన్నా! జల్ది పెట్టు!" అంది పుష్పలత. తిట్టబోయి తిట్టలేకపోయింది. కైలాసం ఫోను అందుకుని బ్యాటరీ వేసి పెట్టాడు. ఫోను తీరిగ్గా పాట పాడి మేల్కొంది. అందరూ టెంటు దగ్గరికి ఉరికారు. మెసేజీ వచ్చింది. జమున నంబరు కొట్టింది. ఎంపికలన్నీ ఖాయమైనట్టు తెర మీద పడింది. ఆ పిల్ల పుష్పలత భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. లాప్‌టాప్ గడియారంలో అయిదుకు నాలుగు నిమిషాలు తక్కువ.

బంద్ విరమించమని చెప్పడానికి భద్రయ్య మైకు అందుకున్నాడు. అప్పుడు పుష్పలత చూసింది. జైసింగ్ మళ్ళీ బ్యాటరీ ఊడదీస్తున్నాడు.

"అయిపాయె గదన్నా! ఇగ ఉండనీ."

"ఇంక నాలుగు నిమిషాలున్నయ్ గదమ్మా," అన్నాడు జైసింగ్. "ఎవ్వల పిల్లలన్న ఉన్నరేమో."

పుష్పలత భద్రయ్య చేతిలోంచి మైకు తీసుకుని బల్ల మీద పెట్టేసింది. సంచిలో ఉన్న మూడు ఫోన్లూ తీసి ఆపేసింది. అయిదు కొట్టేదాకా ఆ రోడ్డు మీద ఒక్క ఫోనూ మోగలేదు.