హారన్ ఆగేదాకా నిలబడాలి

ఇందాక నాందేడ్‌లో మా గల్లీలో ఒక కారు హారన్ పట్టేసి ఆగకుండా మోగింది. తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. థూ, ఈ వయసులో కూడా!

నా ఈడువాళ్లకు గుర్తుందా? ఉమ్రి బజారులో జాగీర్దారు కారు హారన్ వినిపిస్తే, అది ఆగేదాకా చెప్పులు విడిచి నిలబడాలి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అది ఎంతకీ ఆగలేదు. కారు నడిపే మా బాపు బానెట్ ఎత్తి వైరు పీకాడు. నిలబడ్డవాళ్లంతా ఉస్సురని కూలబడ్డారు.

జాగీర్దారు బాపు చెంప పగలగొట్టాడు. "నిన్ను బందు చెయ్యమన్ననా? మల్ల పెట్టు!"

బాపు వైరు మళ్లీ కలిపాడు.

ఆయన్ను కన్న మా నానమ్మ, కాలే నేల మీద నా పక్కన మళ్లీ లేచి నిలబడింది. "మీ బాపు దిక్కు చూడకు బిడ్డా" అంది.