పోయినాయన పంపిన థాంక్యూ

ఉద్యోగంలో పైకి రావాలంటే ఉద్యోగస్తుల సైటులో అందరినీ పలకరిస్తూ ఉండాలని నాకు ఉపదేశించింది మా టీమ్ లీడ్ మూర్తిగారు. అందుకే ఇక్కడ సింగపూర్‌లో రోజూ ఆంగ్ మో కియోలో ట్రైన్ ఎక్కి రాఫెల్స్ ప్లేస్‌లో దిగేలోపు, ఉద్యోగంలో మరో ఏడాది నిండిందని సైటు చూపించిన ప్రతివాళ్లకీ, పేరైనా చదవకుండా ‘కంగ్రాట్స్’ బటన్ నొక్కడం నా నిత్యపూజ.

ఈ రోజు ఒక కంగ్రాట్స్‌కి వెంటనే జవాబొచ్చింది: “థాంక్యూ నాయనా. తిన్నావా?”

పంపింది మూర్తిగారు. ఆయన పోయి ఏడాది దాటింది. దహనానికి నేనూ వెళ్లాను. ఏసీ ట్రైన్‌లో నాకు చెమటలు పట్టాయి.

దిగగానే వాళ్లింటికి ఫోన్ చేశాను. ఆయన భార్య, ఆంటీ, ఎత్తారు.

“నేనే నాయనా, ఆయన అకౌంట్లోంచి రిప్లై ఇచ్చింది. భయపడ్డావా?”

“అబ్బే, లేదాంటీ. అది క్లోజ్ చేయించమంటారా?”

“వద్దులే. ఇంట్లో ఆయన మాటెత్తితే పిల్లలు ‘ఎనఫ్ లా, అమ్మా’ అని ఇక్కడి యాసలో ఆపేస్తారు. అక్కడైతే ఆయనింకా ఆఫీసుకెళ్తున్నట్టే అందరూ పలకరిస్తున్నారు.”

సాయంత్రం ఆ ‘తిన్నావా’కి జవాబు రాయబోయాను. ‘తిన్నానాంటీ’ అని కొట్టి, చెరిపేసి, ‘తిన్నాను సార్’ అని పంపాను. మీరైతే ఎవరికి రాసేవారు?