రాతిపొడి, నీళ్ల కూలరు, మా నాయన

మా ఇంట్లో అందరికీ నీళ్ల మీద నమ్మకం ఎక్కువ. అది భక్తి కాదు, వృత్తి. ఆళ్లగడ్డలో మాది శిల్పాలు చెక్కే ఇల్లు. ఇంటి పక్కనే షెడ్డు. షెడ్డులో రాయి కోసే మిషన్ తిరుగుతున్నంతసేపూ బ్లేడు మీద సన్నగా నీళ్లు పడుతూ ఉండాలి. పడకపోతే బ్లేడు కాలిపోతుంది, పొడి లేచి పక్కన నిలబడిన మనిషి కనపడడు. నీళ్లు పడితే వేడీ తగ్గుతుంది, పొడీ అణుగుతుంది. నేను నడక నేర్చింది ఆ తెల్లటి బురదలోనే. అందుకని వేడెక్కిన కంప్యూటర్‌ను చల్లార్చడానికి గాలి మేలా, నీళ్లు మేలా అన్న ప్రశ్న నా ముందుకు వచ్చినప్పుడు నేను పెద్దగా ఆలోచించలేదు. ఆలోచించకపోయేదానికి అంత చదువెందుకు చదివావని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంటుంది.

చదివింది నంద్యాలలో, ఇంజనీరింగ్. తర్వాత అక్కడే ఒకటి రెండు ఉద్యోగాల్లో చేరి, ఎందులోనూ నిలవక ఇల్లు చేరాను. ఇప్పుడు షెడ్డు పక్క గదిలో కంప్యూటర్ పెట్టుకుని చెక్కుడు మిషన్‌కు బొమ్మలు తయారుచేస్తాను. నేను తెర మీద బొమ్మను తీరిస్తే, దాని ప్రకారం మిషన్ రాతిని పైపైన చెక్కి పెడుతుంది. ఆ తర్వాత మా చిన్నాన్న, పనివాళ్లు ఉలి పట్టుకుని దానికి ప్రాణం పోస్తారు. బొమ్మలు తీరుస్తాను అన్నానని నాకు చేయి తిరిగిందనుకునేరు. నేను మొదటిసారి చేసిన లక్ష్మీదేవి ముఖాన్ని మా చిన్నాన్న చాలాసేపు చూసి, "ఈమె నంద్యాల బస్టాండు కాడ టీ పోస్తాది గదప్పా" అన్నాడు. ఒళ్లు మండింది. తీరా చూస్తే నిజంగానే పోలిక ఉంది.

మా నాయనకు ఆ మధ్య కుడి భుజం పట్టేసింది. ఇక సుత్తి ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. బతుకంతా సుత్తి ఎత్తిన మనిషికి ఆ మాట చెప్పడం తేలిక, వినడం కష్టం. పొద్దున లేచి అలవాటు కొద్దీ షెడ్డుకు పోయేవాడు. అక్కడ చేసేదేమీ లేక ఒకరి ఉలికి వంక పెట్టి, ఇంకొకరి గీతకు వంక పెట్టి, మధ్యాహ్నానికి అందరితో తగువులు పెట్టుకుని వచ్చేవాడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. ఆయన్ని అలా చూస్తుంటే నాకు భయమేసేది.

ఒకరోజు ఉన్నట్టుండి నా గదిలోకి వచ్చాడు. తెర మీద ఆ టీ అంగడి లక్ష్మి ఉంది. కాసేపు చూసి, చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి నేరుగా మానిటర్ అద్దం మీదే గీత గీశాడు.

"ముక్కు ఈడికి రావల్ల."

"అద్దం మీద గీస్తాండావేంది నాయనా?"

"రాయి మీద గీసినప్పుడు ఎవరూ అడగల్యా."

నాకు కోపం వచ్చింది. అయినా ఆ గీత దాకా ముక్కును లాగి చూశాను. లక్ష్మి టీ అంగడి వదిలేసి వచ్చింది. ఆ రోజు నుంచి నాయన రోజూ వచ్చేవాడు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నేను ఎడమకు లాగితే కుడికి అనీ, కుడికి లాగితే ముందరిదే బాగుందనీ నా ప్రాణం తీసేవాడు. ఇద్దరం గట్టిగా అరుచుకునేవాళ్లం. ఆయన మళ్లీ కడుపునిండా తినసాగాడు. నాకూ ఆయన పక్కన ఉంటే బాగుండేది. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు గానీ, ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నాకు పని సాగేది కాదు.

చిక్కల్లా ఆయనతో పాటు వచ్చే రాతిపొడితో. పొద్దున షెడ్డులో తిరిగి వచ్చే మనిషి కనుబొమ్మల దాకా తెల్లగా ఉండేవాడు. భుజం మీది తువ్వాల దులిపి కూర్చున్నాడంటే గదిలో కాసేపు మంచు కురిసేది. ఎండలు ముదిరాక కంప్యూటర్ పని మధ్యలో టప్పున ఆగిపోవడం మొదలుపెట్టింది. దాని బుర్ర మీద ఉండేది కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చిన చిన్న ఫ్యాను. అది పొడి పట్టి గుడ్డ చుట్టినట్టు అయింది. విప్పి తుడిచినా రెండు రోజుల ముచ్చటే.

"నేనొచ్చినప్పుడే ఆగిపోతాంది" అన్నాడు నాయన. ఆ మర్నాటి నుంచి కొళాయి కాడ ముఖం, కాళ్లు కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్లికి వచ్చినవాడిలా వచ్చేవాడు. అది కూడా చాలదనుకుని కుర్చీని గడప దాకా జరుపుకున్నాడు. అంత దూరం నుంచి ఆయనకు తెర సరిగా ఆనదు. "ఆడ, ఆ చెవి కాడ" అని గాల్లో చేయి చూపిస్తే ఆయన అనేది ఏ చెవో నాకు తెలియదు. ఇంకొద్ది రోజులు పోతే కుర్చీ గడప కూడా దాటిపోతుందని అర్థమైంది. ఏదైనా చేయాలి, తొందరగా చేయాలి.

యూట్యూబ్‌లో కూర్చున్నాను. కంప్యూటర్‌కు గాలి కూలరా, నీళ్ల కూలరా అని అక్కడ జనం ఎన్నికలప్పుడు కొట్టుకున్నట్టు కొట్టుకుంటున్నారు. నేను వెంటనే నీళ్ల పార్టీలో చేరిపోయాను. దానికి నా దగ్గర రెండు కారణాలు. మొదటిది, మా షెడ్డు. నీళ్లున్న చోట పొడి అణుగుతుంది, ఇది నాకు పుట్టుకతో తెలిసిన సంగతి. రెండోది, ఆ నీళ్ల కూలర్లకు రంగురంగుల లైట్లు ఉంటాయి. రెండో కారణం ఎవరికీ చెప్పలేదు.

నంద్యాలలో కంప్యూటర్ సామాన్ల అంగడికి పోయాను. అది పాత వ్యాపారస్తుల ఇల్లు. తాత బట్టలమ్మిన గల్లాపెట్టె ముందే మనవడు కూర్చుని మదర్‌బోర్డులు అమ్ముతున్నాడు. నాకంటే కొంచెం పెద్దవాడు, మాట తక్కువ. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాను. పక్కన ఇద్దరు ఇంజనీరింగ్ పిల్లలు ఏదో బేరమాడుతున్నారు.

"కంప్యూటర్ యాడ పెట్టినావు?" అని అడిగాడు ఆయన.

"ఏసీ రూములో" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. మా గదికి ఉన్నది ఒక కిటికీ, దానికి ఉన్నది ఒక రెక్క. కాలేజీలో చదివే రోజుల్లో నా బ్యాగు విదిలిస్తే తెల్లపొడి రాలుతుందని నవ్విన ఊరు అది. ఆ ఊళ్లో, ఆ పిల్లల ముందు, నా నోరు దానంతట అదే ఏసీ బిగించేసింది.

"ఏసీ రూమైతే ఏదైనా నడుస్తాది. దుమ్ముంటే మాత్రం గాలిదే మేలు. విప్పి తుడుచుకోవచ్చు" అన్నాడు. అంత స్పష్టంగా చెప్పాడు. నేను ఆ మాట ఇంకెవరికో చెబుతున్నట్టు తలూపి, నీళ్లదే ఇమ్మన్నాను.

బస్సులో ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. శిరివెళ్ల దాటేదాకా పక్కాయన దాని మీది బొమ్మనే చూసి, చివరికి మిక్సీనా అని అడిగాడు. జాలేసి నవ్వాను. ఆ జాలి ఎవరి మీద పడాలో నాకప్పుడు తెలియదు.

ఇంట్లో అమ్మ ఎదురొచ్చింది. "కూలర్ తెచ్చినావంట గదప్పా?" అని ముఖమంతా నవ్వుతో అడిగింది. రెండు ఎండాకాలాల నుంచి ఆమె పడక గదికి కూలర్ అడుగుతోంది. కంప్యూటర్‌కని చెప్పాను. ఆమె డబ్బా వంక చూసి, నా వంక చూసి, చెంగుతో విసురుకుంటూ లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

బిగించేటప్పుడు నాయన గడప కాడ నిలబడి చూశాడు.

"నీళ్లు యాడ పోస్తారప్పా?"

"పోసేది ల్యా నాయనా. లోపలే ఉంటాయి. గొట్టాల్లో తిరగతా ఉంటాయి."

"మరి బురద యాడికి పోతాది?"

నేను గట్టిగా నవ్వాను. చేతులు తిప్పుతూ పెద్ద పాఠమే చెప్పాను. ఇది మూసేసిన వ్యవస్థ, దీంట్లోకి ఏదీ పోదు, దీంట్లోంచి ఏదీ రాదు అన్నాను. ఆయన ఓపిగ్గా విని "అట్లనా" అన్నాడు. కుర్చీ తెచ్చి తెర పక్కన వేశాను. ఇంక చొక్కా మార్చుకోవాల్సిన పని లేదు, ఎట్లుంటే అట్ల రమ్మని చెప్పాను. ఆయన నమ్మాడు. నేను చెప్పానని నమ్మాడు.

కొన్నాళ్లు దివ్యంగా సాగింది. ఒక గుడికి ద్వారపాలకుల పని వచ్చింది. నాయన పక్కన కూర్చుని వాళ్ల భుజాలు, కిరీటాలు దిద్దించాడు. లైట్లు మారినప్పుడల్లా ఆయన తెల్లజుట్టు నీలమయ్యేది, ఎర్రబడేది. చూడవచ్చిన ప్రతివాడికీ నేను బడాయిగా ఆ గొట్టాలు చూపించేవాణ్ణి.

ఒక మిట్టమధ్యాహ్నం. రెండో ద్వారపాలకుడి కనుబొమ్మ దగ్గర ఉన్నాం. నాయన "ఇంగ రవ్వంత పైకి" అంటున్నాడు. టప్పున తెర నల్లబడింది. లైట్లు ఆరిపోయాయి. మళ్లీ నొక్కితే వచ్చి, మళ్లీ పోయింది. నేను తల పైకెత్తేసరికి కుర్చీ ఖాళీ. బయట కొళాయి కాడ నిలబడి తువ్వాలతో పంచె దులుపుకుంటున్నాడు. దులిపి దులిపి, గేటు కాడి రాయి మీద పోయి కూర్చున్నాడు.

ఆ తర్వాత పిలిచినా రాలేదు. "నాకు పనుండాది పో" అన్నాడు. ఆయనకు ఏ పనీ లేదని వీధంతటికీ తెలుసు. మళ్లీ రెండు ముద్దలకే కంచం ముందు నుంచి లేవసాగాడు. "నా పొడితోనే చచ్చింది. వానికి చెప్పాకు" అన్నాడట అమ్మతో. అమ్మ ఆ కాలు మీదే వచ్చి నాకు చెప్పింది.

కంప్యూటర్‌ను గోనెసంచిలో చుట్టుకుని నంద్యాల పోయాను. అంగడాయన విప్పాడు. నీళ్ల కూలర్‌కు ముందు వైపు సన్నటి రేకులతో ఒక జల్లెడ లాంటిది ఉంటుంది, దాని మీద ఫ్యాన్లు. ఆయన ఫ్యాను తీశాడు. రేకుల మధ్య సందు అనేదే లేదు. సున్నం కొట్టిన గోడలా ఉంది. పెన్నుతో తట్టితే బల్ల మీద తెల్లగా కుప్ప పడింది.

"ఏసీ రూమన్యావే?"

"ఏసీ సరిగా పనిచేయడం ల్యాన్నా" అన్నాను. సిగ్గు లేకపోతే సరి.

"ఏసీలో నుంచి సిమెంటు పడతాందా?"

ఇక దాచి లాభం లేదు. మాది ఆళ్లగడ్డ అనీ, రాళ్లు చెక్కే ఇల్లనీ చెప్పాను. ఆయన నవ్వలేదు. దాంట్లో నీళ్లు చేసే పని చిప్పు దగ్గర వేడిని మోసుకొచ్చి ఈ రేకులకు ఇవ్వడమే అన్నాడు. ఆ వేడిని బయటికి తోసేది చివరికి గాలేనట. గాలి వచ్చే దారిలో పొడీ వస్తుందట. నా పుట్టుకతో వచ్చిన జ్ఞానం ఆ బల్ల మీదే కుప్పకూలింది. మా షెడ్డులో నీళ్లు పొడి మీద పడతాయి. దీంట్లో నీళ్లు పొడి ముఖం కూడా చూడవు. మా నాయన అడిగిన బురద యాడికీ పోలేదు, రేకుల్లో ఎండిపోయి ఉంది.

"ముందే చెప్పింటే ఇదే ఇస్తాంటి గదప్పా" అంటూ లోపలి నుంచి గాలి కూలర్ తెచ్చాడు. వెడల్పు సందులతో రేకుల దిమ్మె, దానికి ఒక పెద్ద ఫ్యాను. లైట్లు లేవు, అందం లేదు. వారానికోసారి ఫ్యాను ఊడదీసి బ్రష్‌తో తుడిస్తే చాలన్నాడు.

ఇంటికొచ్చేసరికి నాయన గేటు కాడ రాయి మీదే ఉన్నాడు. తల నుంచి పాదాల దాకా తెల్లగా ఉన్నాడు. కంప్యూటర్ బల్ల మీద పెట్టి, తీగలు కలిపి, బయటికి వచ్చాను.

"రా నాయనా."

"కాళ్లు కడుక్కోని వస్తా పో."

"కడుక్కోవాకు. అట్లే రా."

గడప దాకా వచ్చి ఆగిపోయాడు. అప్పుడు చెప్పాను. నీ పొడి తప్పు కాదు, నేను అంగట్లో ఏసీ రూమని చెప్పి తప్పుడు సామాను తెచ్చానని. ఆయన గదిని ఒకసారి చూశాడు. ఒంటి రెక్క కిటికీని చూశాడు.

"ఈ రూముకా?"

"ఊ."

నవ్వు మొదలైంది. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఏమే, మనకు ఏసీ ఉండాదంట" అని అమ్మను పిలిచాడు. అమ్మ వంటింట్లోంచి, "అయితే నన్నూ ఆ రూములోనే పండుకోమను" అంది. నేను తలొంచుకుని నిలబడ్డాను. అన్ని రోజుల తర్వాత ఆయన నవ్వుతుంటే ఆ ఎత్తిపొడుపులన్నీ నాకు తీపిగానే ఉన్నాయి. వారానికోసారి బ్రష్ కొట్టాలని చెప్పాను. "దానికేముండాది, నేను కొడతా. బ్రష్‌కు భుజం ఎత్తే పన్ల్యా" అన్నాడు.

వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తువ్వాల నుంచి పొడి లేచింది. ద్వారపాలకుణ్ణి తెర మీదికి తెచ్చాను. కాసేపటికి కూలర్ ఫ్యాను చప్పుడు హోరుమని పెరిగింది. నాయన ఆ చప్పుడు వింటూనే కుర్చీ చేతుల మీద చేతులు ఆనించి, లేవడానికి ముందుకు వంగాడు.

నేను తెర మీది చూపు తిప్పకుండా ఆయన మోకాలి మీద చేయి వేశాను.

"కూచో నాయనా. దాని పని అది చేస్తాంది."

ఆయన కాసేపు ఆ చప్పుడు విన్నాడు. తర్వాత వెనక్కి జరిగి సరిగా కూర్చుని, చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి, అద్దం మీద కనుబొమ్మ దిద్దాడు.