పూసిన కలుపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ. తొంభైల్లో, వీరులపాడు నుంచి బస్సెక్కి నందిగామలో డిగ్రీ చదివే రోజుల్లో మరీ ఎక్కువ. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని కదా, ఆ పొగరొకటి.

రెండో ఏడు బోటనీ మేడమ్ పాతిక మొక్కలతో హెర్బేరియం చెయ్యమన్నారు. మొక్కల్ని వేళ్లతో సహా పీకి, పాత పేపర్ల మధ్య ఆరబెట్టి, అట్టలకు కుట్టి పేర్లు రాయాలి. దసరా సెలవులు కాగానే ఇవ్వాలి. ఇవ్వకపోతే రికార్డు మీద సంతకం పెట్టరు. సంతకం లేకపోతే ప్రాక్టికల్స్‌కి రానివ్వరు. పొద్దున్నే బస్సు, పొద్దుగూకాక బస్సు, నాకు మొక్కలేరుకునే తీరికెక్కడిది? నాన్నతో చెప్పాను.

"ఓస్, కలుపు మొక్కలేగా! దానికింత దిగులెందుకే అమ్మా?" అన్నాడు.

మర్నాటికల్లా మోపెడు తెచ్చాడు. గునుగు, ఉత్తరేణి, తుమ్మి, నేల ఉసిరి, అన్నీ బోరు కింద మట్టి పోయేదాకా కడిగి మరీ తెచ్చాడు. తీరా చూద్దును కదా, ఒక్కదానికీ పువ్వు లేదు. పువ్వు లేని మొక్కని మేడమ్ లెక్కలోకే తీసుకోరు.

"పూలేవి నాన్నా? ఇవి నేనేం చేసుకోను?" అని గయ్యిమన్నాను.

నాన్న బిక్కమొహం వేశాడు. "పూసిందాకా కలుపుని చేలో ఎవరుంచుతారమ్మా? గింజ రాలుద్ది. నలుగురూ నవ్వుతారు కూడాను."

"అయితే చదువు మానేస్తాలే!" అంటూ ఆ మోపు తీసుకెళ్లి గేదె ముందు పడేశాను.

నాన్న పత్తి చేనంటే ఊళ్లో పేరు. సాళ్ల మధ్య గడ్డిపరక కనిపించనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి ఆ వారం కలుపు తీతకొచ్చిన ఆడవాళ్లతో రోడ్డు పక్క మూడు సాళ్లు ముట్టుకోవద్దన్నాడట. బస్సు దిగుతూనే నాకు అందుబాటులో ఉంటాయని. వాళ్లు ముక్కున వేలేసుకున్నారట. నాకవేవీ తెలియవు.

కొన్నాళ్లకు, ఒంటిపూట కాలేజీ రోజున బస్సు దిగేసరికి, పక్క చేను ఆసామి గట్టు మీద నాన్నని ఆటపట్టిస్తున్నాడు.

"ఏం బావా, ఈ ఏడు పత్తి మానేసి కలుపు సాగు చేస్తున్నావా?"

"మా అమ్మాయి చదువుకి కావాలి బావా," అన్నాడు నాన్న తల వంచుకుని.

అప్పుడు చూశాను. మూడు సాళ్ల నిండా గునుగుతో పాటు రకరకాల కలుపు విరగబూసి ఉంది. వాటి మధ్య పత్తి మొక్కలు బక్కచిక్కిపోయాయి. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వంగి, కావలసినవి పీక్కున్నాను. హెర్బేరియం సమయానికి ఇచ్చాను, మేడమ్ సంతకం పెట్టారు. నాన్నతో మాత్రం మంచి మాటొకటి అనలేకపోయాను.

మరుసటేడు వానలు పడ్డాక, నేను అన్నం తింటుంటే నాన్న వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"రేపు కలుపు తీతకి మనుషుల్ని పిలిచానమ్మా. ఈసారి ఎన్ని సాళ్లుంచమంటావు?"

"ఈ ఏడు హెర్బేరియం లేదు నాన్నా. అక్కర్లేదు."

"హమ్మయ్య!" అనేశాడు. వెంటనే నాలిక్కరుచుకుని, "కావాలంటే చెప్పు, ఉంచుతా. మొహమాటపడకు," అన్నాడు.

నా కోపానికి జడిసి ఏడాదంతా ఊరి నవ్వులు భరించాడు మా నాన్న. ఇంకో ఏడాది భరించడానికీ సిద్ధపడే వచ్చాడు. మర్నాడు నేను బస్సెక్కలేదు. ఆ మూడు సాళ్లలో రాలిన గింజంతా ఒత్తుగా మొలిచి ఉంది. నాన్న వద్దువద్దంటున్నా, పొద్దుగూకేదాకా నేనే కూర్చుని పీకాను.