ఎలా తెలిసింది మాస్టారు

ఆయనకు ఒకటే జబ్బు. ఎదుట ఉన్నది ఎవరైనా సరే, ఏ పని మీద వచ్చినా సరే, "మా గురించి మీకెలా తెలిసింది?" అని అడగందే వదిలిపెట్టరు. అందుకే ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. 'ఎలా తెలిసింది మాస్టారు' అంటే చాలు, ఎవరైనా ఇల్లు చూపిస్తారు.

అలాగని ఆషామాషీ మనిషి అనుకునేరు. పల్లెటూరి బళ్ళో నేల మీద కూర్చుని అక్షరాలు దిద్దిన చేత్తోనే గోడల మీద నిలువెత్తు అక్షరాలు రాసి సబ్బులు అమ్మించారు. బండి మీద మైకు కట్టుకుని వీధివీధీ తిరిగి గొడుగులు అమ్మించారు, అదీ ఎండాకాలంలో. తన ఈడువాళ్ళంతా ఫోన్లో చూపు ఆనక విసుక్కుంటున్న వయసులో, ఆ ఫోన్లలోకే దూరి ఫేస్‌బుక్కు ప్రకటనల్లో ఆరితేరారు. ఇప్పుడు మేడ మీద ఆఫీసు పెట్టి, చిన్నచిన్న దుకాణాలవాళ్ళకు ఆ విద్య నేర్పుతున్నారు. ఈ ఘనకార్యాలన్నీ ప్రతి తరగతి మొదట్లోనూ ఆయనే చెప్పుకుంటారు. అయినా ఇంకోసారి చెప్పుకుంటే అరిగిపోయేవి కావు.

"మనిషి ఏ దారిన వచ్చాడో తెలిస్తే ఆ దారిలో ఇంకో దీపం పెట్టొచ్చు" అన్నది ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం మంచిదే. వేళాపాళా లేకపోవడమే చిక్కు. ఒకసారి ఎవరో పొరపాటున ఫోన్ చేసి, "రాంగ్ నంబరండీ, పెట్టేస్తున్నా" అన్నాడు.

"పెట్టేద్దురుగాని. ఈ రాంగ్ నంబరు మీకెక్కడ దొరికింది?"

పెళ్ళైన కొత్తలో భార్యనూ అడిగారట. "మా నాన్న చెప్పాడు" అందిట ఆవిడ. "అంటే నోటిమాట. అన్నిటికన్నా గట్టిది" అని ఆ పూటంతా మురిసిపోయారట.

ఈ జబ్బుతో ఎక్కువ నలిగినవాడు ఆయన బావమరిది. ఆ ఆఫీసులో ప్రకటనలకు బొమ్మలు వేసేదీ, మాటలు రాసేదీ, అవి ఎవరి ఫోన్లో కనపడాలో కంప్యూటర్లో నిర్ణయించేదీ అతనే. ఊళ్ళో ఉన్న సరుకంతటికీ మాటలు అల్లి పెట్టే ఆ పెద్దమనిషికి, సొంతానికి మాత్రం నోరు పెగలదు. వీధి చివర బేకరీ నడిపే అమ్మాయి అంటే అతనికి ప్రాణం. రోజూ పొద్దున్నే వెళ్ళి, ఎంతో ధైర్యం కూడగట్టుకుని, "ఒక బ్రెడ్డు" అనేవాడు. ముప్ఫై దాటినా కథ అక్కడే ఆగింది.

ఒకరోజు ఆమె బ్రెడ్డు చుడుతూ, "ఫోన్లలో ప్రకటనలు ఇవ్వడం ఎవరైనా నేర్పితే బాగుండునండి" అంది.

మా బావగారు నేర్పుతారు అనాలి. ఆ మాట వదిలేసి, "చిల్లర ఉందండి" అని వచ్చేశాడు.

వచ్చి ఏం చేశాడనుకున్నారు? బావగారికి తెలియకుండా శిక్షణ తరగతికి ప్రకటన తయారు చేశాడు. ఆ వీధిలో ఉండాలి, ఆడమనిషై ఉండాలి, ఆమె వయసుండాలి, రొట్టెలు కాల్చాలి, అలాంటివారికే కనపడాలని పెట్టాడు. 'మరీ తక్కువమందిని ఎంచుకున్నారు' అని కంప్యూటర్ మొత్తుకున్నా వినలేదు.

ఆమె తరగతికి వచ్చింది. మాస్టారు అలవాటు ప్రకారం వరసగా అడుగుతూ వచ్చారు. దర్జీ ఆయన పక్కింటివాళ్ళు చెప్పారన్నాడు. సైకిలు షాపాయన బోర్డు చూశానన్నాడు. ఆమె మాత్రం, "ఫోన్లో ప్రకటన చూశానండి" అంది.

ఆ తరగతికి మాస్టారు ప్రకటనే ఇవ్వలేదు. ఇంకేముంది, ప్రశ్నల వాన కురుస్తుందని బావమరిది కంప్యూటర్ వెనక నక్కాడు. మాస్టారు చెవి గోక్కుని, "సంతోషం. కూర్చోమ్మా" అన్నారు.

ఈలోగా అక్క తమ్ముడికి సంబంధాలు చూడడం మొదలుపెట్టింది. మొదట వచ్చిన పెద్దమనిషి టీ కప్పు అందుకున్నాడో లేదో, మాస్టారు ఎత్తుకున్నారు.

"మా వాడి గురించి మీకెలా తెలిసింది?"

"తెలిసినాయన చెప్పాడండి."

"ఆయన ఎన్నోసారి చెప్పాక రావాలనిపించింది? మధ్యలో ఇంకెవరినైనా చూశారా? చూసి ఎందుకు వదిలేశారు?"

"ఇది సంబంధమా, సర్వేనా?" అని ఆయన కప్పు దించి చెప్పులేసుకున్నాడు.

రెండో ఆయనకు మందుల షాపు ఉంది. ఆయనతోనే వచ్చింది తంటా. "అడిగేవాళ్ళు లేక చచ్చిపోతున్నాను, వినండి" అని మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. ఇంకో టీ కూడా తాగాడు.

"ఇన్నాళ్ళకు మిమ్మల్ని తట్టుకునే మనిషి దొరికాడు. ఆదివారం ఖాయం చేసేసుకుందాం" అంది అక్క.

బావమరిదికి ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. ఆదివారం దాటితే ఇంక బేకరీ ముందు నిలబడే మొహం కూడా ఉండదు. పొద్దున్నే ఆఫీసులో బావగారి ముందు నిలబడ్డాడు.

"బావగారూ, ఆ సంబంధం నాకొద్దు."

"ఊఁ."

"ఆ బేకరీ..."

"తెలుసు."

"మీకెలా తెలిసింది?"

మాస్టారి మొహం విప్పారింది. జన్మలో మొదటిసారి ఆ ప్రశ్న ఆయన్ని ఇంకొకరు అడిగారు. కళ్ళజోడు తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"నేనివ్వని ప్రకటన చూసి మనిషొచ్చిందంటే, ఇచ్చింది నువ్వేగా. తీసి చూశాను. ఇంత ఇరుకు ప్రకటన నా సర్వీసులో చూడలేదురా."

"మరి అప్పుడే అడగలేదేం?"

"నలుగురిలో నిన్ను నిలబెట్టి అడుగుతానట్రా? నీ అంతట నువ్వు చెప్తావని చూశాను. మీ అక్క తెచ్చే సంబంధాలు చెడగొట్టడానికి నాకొచ్చిన విద్య ఆ ప్రశ్నలు వేయడమొక్కటే."

"అంటే, కావాలనే..."

"మొదటాయన తేలిగ్గానే లేచిపోయాడు. ఈ మందుల షాపాయన నన్ను మించినవాడు. ఇంక లాభం లేదని నిన్న సాయంత్రం వాళ్ళమ్మాయికే ఫోన్ చేసి అడిగాను. 'నాకు ఇప్పుడే పెళ్ళొద్దండి, నాన్నకు ఎలా చెప్పాలో తెలియట్లేదు' అంది. ఆయనకు నేనే చెప్పి ఒప్పించాను. వచ్చే బ్యాచిలో ఆయన చేరుతున్నాడు."

"మరి అక్కకో?"

"అది మాత్రం నా వల్ల కాదు. నువ్వే చెప్పుకో."

బావమరిదికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఇంకోటి" అన్నారు మాస్టారు లేస్తూ. "ఒక ప్రకటన మన ఫోన్లో ఎందుకు కనపడిందో కనుక్కోవడం ఎలాగో నిన్న తరగతిలో నేర్పాను. చివర్లో చెప్పాల్సిన పాఠం, ముందుకు జరిపాను. ఇంటిపని కూడా ఇచ్చాను."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బేకరీ అమ్మాయి ఫోన్ పట్టుకుని లోపలికి వచ్చింది. మాస్టారు ఉన్నపళంగా ఏదో పని గుర్తొచ్చినట్టు మొహం పెట్టి, తలుపు దగ్గరగా వేసి కిందికి దిగిపోయారు.

"ఇంటిపని చేశానండి" అంది ఆమె. "మీ ప్రకటనే తీసుకున్నాను. ఈ వీధిలో, నా వయసులో, రొట్టెలు కాల్చే ఆడవాళ్ళకే చూపించారట. అలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారనుకున్నారు?"

అతను మేజా వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. ఇంక చూడడానికి ఏమీ మిగల్లేదు.

"ఒక్కరేనండి."

"ఒక్కరికి చెప్పడానికి ఇంత హంగామానా?" అని ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "చెప్పండి. షాపు అమ్మకు అప్పగించే వచ్చాను."